కొలెస్ట్రాల్‌కి ఏ మినరల్ మాత్ర మంచిది? ముందు మీ థైరాయిడ్ మాత్ర టైమింగ్ చూద్దాం

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. నాకు 52 ఏళ్ళు. తెనాలి దగ్గర ఒక ప్రభుత్వ స్కూల్లో టీచర్ని. పదకొండేళ్ళుగా థైరాయిడ్‌కి 75 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటున్నాను. కిందటేడాది ఎల్డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 128 ఉండేది, ఈ నెల 168 వచ్చింది. మొత్తం కొలెస్ట్రాల్ 247, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 41, ట్రైగ్లిజరైడ్స్ 190. షుగర్ లేదు, బీపీ లేదు. మా అమ్మకి అరవయ్యో ఏట గుండెపోటు వచ్చింది. మా డాక్టరు గారు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ రకం మాత్ర, రోసువాస్టాటిన్ 10 రాశారు. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం మానకూడదని, లివర్ పాడవుతుందని అందరూ అంటుంటే స్ట్రిప్ కొని బీరువాలో పెట్టేశాను. న్యూజెర్సీలో ఉండే మా అమ్మాయి క్రోమియం, జింక్, సెలీనియం, మెగ్నీషియం బాటిళ్ళు పంపింది. కొలెస్ట్రాల్‌కి మంచివట, పైగా నేచురల్ అట. ఎనిమిది నెలల కిందట మోకాళ్ళ నొప్పులకి ఎముకల డాక్టరు రాసిన కాల్షియం కూడా ఉంది. మర్చిపోకుండా అన్నీ పొద్దున్నే థైరాయిడ్ మాత్రతో పాటు ఒకేసారి వేసేసుకుంటున్నాను. వీటిలో కొలెస్ట్రాల్‌ని నిజంగా తగ్గించేది ఏది, ఎంత డోసు వేసుకోవాలి? స్టాటిన్ తప్పించుకోవచ్చా? ఈ మధ్య నీరసం, మలబద్ధకం, జుట్టు రాలడం ఎక్కువయ్యాయి, నాలుగు కిలోలు పెరిగాను కూడా, వయసు ప్రభావం అనుకుంటున్నాను. మా వారికి షుగర్ ఉంది, క్రియాటినిన్ 1.8. బాటిల్ వృథా ఎందుకని ఆయన కూడా మెగ్నీషియం వేసుకుంటున్నారు.

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో ఆఖరి వాక్యానికి ముందు జవాబు చెప్తాను, మిగతాదానికి తొందరేం లేదు. మీ వారి చేత ఆ మెగ్నీషియం ఇవాళే మాన్పించండి. క్రియాటినిన్ 1.8 అంటే కిడ్నీలు పూర్తి సామర్థ్యంతో పనిచేయడం లేదని అర్థం. ఒంట్లో ఎక్కువైన మెగ్నీషియాన్ని బయటికి పంపాల్సింది ఆ కిడ్నీలే. అవి నెమ్మదించినవాళ్ళు రోజూ 400 మిల్లీగ్రాములు మింగుతూ పోతే అది రక్తంలో పేరుకుంటుంది. బీపీ పడిపోవడం, కండరాల్లో బలం తగ్గడం, మరీ ఎక్కువైతే గుండె వేగం మందగించడం దాకా వెళ్తుంది వ్యవహారం. ఇప్పటిదాకా ఏమీ కాలేదు కదా అని ధైర్యపడొద్దు, ఈసారి క్రియాటినిన్ చేయించేటప్పుడు మెగ్నీషియం, పొటాషియం కూడా చూడమనండి. ఇంట్లో బీపీకి మంచిదని లో సోడియం ఉప్పు వాడుతున్నారేమో అది కూడా ఒకసారి చూసుకోండి. అందులో సోడియం తగ్గించి ఆ మేరకు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కిడ్నీ తేడాగా ఉండి, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్ర వాడేవాళ్ళకి అది అస్సలు పడదు.

ఇప్పుడు మీ సంగతి. ఒక్క ముక్కలో చెప్పాలంటే, 168 ఉన్న ఎల్డీఎల్‌ని ఉండాల్సిన చోటికి దించే ఖనిజ మాత్ర ఏదీ లేదు. మీ అమ్మాయి పంపిన నాలుగింట్లో లేదు, ఇంకో నాలుగు పంపినా వాటిలోనూ ఉండదు. ఇంతటితో ముగించేవాణ్ణే గానీ, అన్నీ పొద్దున్నే థైరాయిడ్ మాత్రతో పాటు ఒకేసారి వేసుకుంటున్నానని రాశారు చూడండి, అక్కడ ఆగిపోయాను. ఆ మాత్రల వల్ల మీ కొలెస్ట్రాల్ తగ్గకపోగా పెరిగిందేమోనని నా అనుమానం.

ఎలాగంటే, రక్తంలో తిరిగే ఎల్డీఎల్‌ని లాగేసి ఖర్చుపెట్టేది ప్రధానంగా లివరే. లివర్ కణాల మీద దాన్ని లోపలికి తీసుకునే గుమ్మాలుంటాయి. ఆ గుమ్మాలు ఎన్ని ఉండాలో నిర్ణయించే వాటిలో థైరాయిడ్ హార్మోను ఒకటి. హార్మోను తగ్గితే గుమ్మాలు తగ్గుతాయి, లోపలికి పోవాల్సిన ఎల్డీఎల్ రక్తంలోనే ఉండిపోతుంది. అందుకే కొత్తగా కొలెస్ట్రాల్ పెరిగిందని ఎవరొచ్చినా స్టాటిన్ రాసేముందు టీఎస్‌హెచ్ చూడమని వైద్య మార్గదర్శకాలు చెప్తాయి. అది థైరాయిడ్ రక్త పరీక్ష, ఒంట్లో థైరాయిడ్ హార్మోను తగ్గితే ఆ అంకె పెరుగుతుంది. మీ ఉత్తరంలో కొలెస్ట్రాల్ అంకెలు నాలుగూ ఉన్నాయి, టీఎస్‌హెచ్ మాత్రం లేదు. చేయించి చాలా కాలమైందేమో మరి.

మీరు మాత్ర మానలేదు కదా, హార్మోను ఎందుకు తగ్గుతుంది అంటారేమో. మాత్ర మింగడం వేరు, అది పేగుల్లోంచి రక్తంలోకి చేరడం వేరు. మీ థైరాయిడ్ మాత్రలో ఉండే థైరాక్సిన్ చాలా పేచీకోరు మందు, పక్కన కాల్షియం కనపడితే దానికి అతుక్కుపోయి అలాగే బయటికి పోతుంది. 2000లో అమెరికా వైద్య సంఘం పత్రికలో దీని మీద ఒక చిన్న పరిశోధన వచ్చింది. మీలాగే ఏళ్ళ తరబడి థైరాక్సిన్ మీద స్థిరంగా ఉన్న 20 మందికి మూడు నెలల పాటు ఆ మాత్రతో పాటే రోజూ 1200 మిల్లీగ్రాముల కాల్షియం, కార్బొనేట్ రూపంలో ఇచ్చారు. సగటు టీఎస్‌హెచ్ 1.6 నుంచి 2.7కి పెరిగింది, ఐదుగురిలో ఒకరికైతే మామూలు హద్దు దాటేసింది. కాల్షియం ఆపాక మళ్ళీ దిగింది. ఐరన్ మాత్రలతో ఇంకా ఘోరం, 1992లో 14 మంది మీద చేసి చూస్తే 12 వారాల్లో సగటు టీఎస్‌హెచ్ 1.6 నుంచి 5.4కి ఎక్కింది. మెగ్నీషియం, అల్యూమినియం ఉన్న గ్యాస్ మందులు కూడా ఇదే పని చేస్తాయి. మీరు కొలెస్ట్రాల్ కోసమని మింగుతున్న క్రోమియం పికోలినేట్ ఉంది చూశారూ, దాన్ని థైరాక్సిన్‌తో కలిపి ఇచ్చి చూసిన చిన్న పరిశోధనలో కూడా రక్తంలోకి చేరే హార్మోను తగ్గింది.

ఇప్పుడు మీ లక్షణాలు ఒకసారి వరసగా చదవండి. నీరసం, మలబద్ధకం, జుట్టు రాలడం, బరువు పెరగడం. వయసు అని సరిపెట్టుకున్నారు గానీ, థైరాయిడ్ డోసు చాలకపోతే కనిపించేవి కూడా సరిగ్గా ఇవే. కాల్షియం మొదలుపెట్టి ఎనిమిది నెలలు, ఎల్డీఎల్ 128 నుంచి 168 అయింది ఈ ఏడాదిలోనే. ఎవరూ తప్పు మందు రాయలేదు. ఎముకల డాక్టరు కాల్షియం రాశారు, ఇంకొకరు ఎప్పుడో థైరాయిడ్ మాత్ర రాశారు, మరొకరు రిపోర్టు చూసి స్టాటిన్ రాశారు. ఏది ఎన్ని గంటలకు వేసుకుంటున్నారమ్మా అని మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు.

అలాగని నేనిక్కడ కూర్చుని తేల్చి చెప్పలేను. 52 ఏళ్ళంటే నెలసరి ఆగే వయసు, అప్పుడు ఎల్డీఎల్ దానంతటదే కొంత పెరగడం చాలామందిలో చూస్తాం. కాబట్టి పరీక్ష చేయిద్దాం. ఈ వారంలోనే టీఎస్‌హెచ్, దాంతో పాటు రక్తంలో థైరాయిడ్ హార్మోను ఎంతుందో చూపే ఫ్రీ టీ4 చేయించండి. ఆ రోజు పొద్దున్న రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోండి. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలేమైనా వాడుతుంటే రెండు రోజుల ముందే ఆపేయండి, కొన్ని ల్యాబు మెషిన్లు బయోటిన్ వల్ల టీఎస్‌హెచ్‌ని లేనిపోని అంకెగా చూపిస్తాయి, ఎక్కువ ఉన్నదాన్ని తక్కువగా చూపించి మనల్ని హాయిగా నిద్రపుచ్చుతాయి.

టీఎస్‌హెచ్ ఎక్కువ వచ్చిందే అనుకుందాం. మామూలుగా జరిగేది ఏంటంటే, డాక్టరు గారు రిపోర్టు చూస్తారు, 75ని 100 చేస్తారు, అయిపోయింది. అలా చేయించుకోకండి. ఇవన్నీ కలిపి ఒకేసారి వేసుకుంటున్నానని ముందు చెప్పండి. ఎందుకంటే 100కి పెంచాక, ఎప్పుడో మీరు కాల్షియం మానేశారనుకోండి, లేదా రాత్రికి మార్చుకున్నారనుకోండి, అప్పుడు మాత్ర మొత్తం ఒంటికి పట్టి డోసు ఎక్కువైపోతుంది. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, పైగా ఎముకలు పలచబడటం. ఎముకల కోసం మొదలుపెట్టిన కాల్షియం కథ చివరికి అక్కడ తేలితే ఎంత అన్యాయం! డోసు జోలికి వెళ్ళకుండా మొదట వేళలు సర్దుకుని ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత టీఎస్‌హెచ్, లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ పరీక్ష) రెండూ మళ్ళీ చేయించడం మేలు. టీఎస్‌హెచ్ మరీ ఎక్కువగా, పది దాటి ఉంటే మాత్రం ఆగాలా పెంచాలా అన్నది మీ డాక్టరు గారికే వదిలేయండి.

వేళలు ఎలాగంటారా? లేవగానే ఖాళీ కడుపుతో థైరాయిడ్ మాత్ర ఒక్కటే, మామూలు మంచినీళ్ళతో. ఆ తర్వాత ముప్పావుగంట, వీలైతే గంట ఆగి కాఫీ. కాఫీతోనే మాత్ర గుటుక్కున మింగేసేవాళ్ళు మన వైపు చాలామంది ఉన్నారు, కాఫీ కూడా ఈ మాత్రని సరిగా పట్టనివ్వదు. కాల్షియానికి, దీనికి నడుమ కనీసం నాలుగు గంటలు ఉండాలి. మీది స్కూలు ఉద్యోగం కాబట్టి మధ్యాహ్నం క్యారేజీ తిన్న వెంటనే వేసుకోవడం తేలిక, కార్బొనేట్ రూపంలో ఉన్న కాల్షియం అన్నంతో పాటు అయితేనే బాగా ఒంటికి పడుతుంది కూడా. పొద్దున్న హడావుడిలో కుదరదంటే రాత్రి భోజనమయ్యాక మూడు గంటలకు, పడుకోబోయే ముందు థైరాయిడ్ మాత్ర వేసుకునే పద్ధతి కూడా ఉంది, మీ డాక్టర్ని అడిగి మార్చుకోవచ్చు.

ఇక ఆ బాటిళ్ళ విషయం. ఒకసారి వెనక్కి తిప్పి లేబుల్ చదవండి. అమెరికా బాటిళ్ళ మీద ఒక్కో ఖనిజం పక్కన, రోజుకు కావాల్సిన దానిలో అది ఎంత శాతమో ఉంటుంది. జింక్ 50 మిల్లీగ్రాములదైతే పక్కన 455 శాతం అని ఉంటుంది. క్రోమియం 200 మైక్రోగ్రాములైతే 571 శాతం. సెలీనియం 200 అయితే 364 శాతం. మనం మామూలుగా తినే తిండిలో వచ్చేది కాక ఇది అదనం. ఎక్కువ ఉంటే ఎక్కువ మంచిదని మనకో నమ్మకం, విటమిన్ సి లాంటి వాటిలో అది నడిచిపోతుందేమో గానీ ఖనిజాల్లో నడవదు.

అన్నిటికంటే ముందు జింక్ గురించి చెప్పాలి, ఎందుకంటే మీకు మామూలుగానే హెచ్‌డీఎల్ 41, ఆడవాళ్ళకి 50 పైన ఉంటే బాగు. 1980లో కొందరు ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళకి ఐదు వారాల పాటు రోజూ 440 మిల్లీగ్రాముల జింక్ సల్ఫేట్ ఇచ్చి చూస్తే వాళ్ళ హెచ్‌డీఎల్ పావు వంతు పడిపోయింది. మీరు వేసుకునేది అంత కాదు నిజమే, కానీ పెద్దవాళ్ళు రోజుకు 40 మిల్లీగ్రాములు దాటకూడదని అమెరికా వాళ్ళే హద్దు పెట్టారు, యూరప్‌లో అయితే 25. మీది 50 మిల్లీగ్రాములదైతే ఒక్క మాత్రతోనే ఆ హద్దు దాటిపోతుంది. నెలల తరబడి ఇలా వేసుకుంటే జింక్ పేగుల్లో రాగిని (కాపర్‌ని) అడ్డుకుంటుంది. కాపర్ తగ్గితే రక్తహీనత, కాళ్ళలో తిమ్మిర్లు. షుగర్ ఉన్నవాళ్ళలో జింక్ ఇస్తే కొలెస్ట్రాల్ కాస్త తగ్గిందన్న పరిశోధనలు కూడా ఉన్నాయి, దాయడం ఎందుకు, కానీ ఆ కాస్త కోసం మీరు ఈ బాటిల్ పట్టుకోనక్కర్లేదు. మానేయండి.

క్రోమియం కథ కాస్త సరదాగా ఉంటుంది. 1950ల చివర్లో అమెరికాలో ష్వార్జ్, మెర్ట్స్ అనే ఇద్దరు ఎలుకల మీద పనిచేస్తూ, బ్రూవర్స్ ఈస్ట్‌లో ఉన్న ఏదో పదార్థం ఒంట్లో చక్కెరని అదుపు చేస్తోందని, అందులో కీలకం క్రోమియం అని చెప్పారు. అక్కణ్ణుంచి షుగర్‌కి క్రోమియం, బరువుకి క్రోమియం, చివరికి కొలెస్ట్రాల్‌కి కూడా క్రోమియం. తర్వాత పరిశోధనలు చాలా జరిగాయి, అన్నీ కలిపి చూస్తే ఎల్డీఎల్ మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనపడలేదు. 2014లో యూరప్ ఆహార భద్రతా సంస్థ, అసలు క్రోమియం మనిషికి తప్పనిసరిగా కావాల్సిన పోషకమని చెప్పడానికి తగిన ఆధారమే లేదని తేల్చేసింది. బాటిల్ మీద 571 శాతం అని రాసుకున్న దాని పరిస్థితి ఇది.

సెలీనియం గురించి ఎక్కువ చెప్పను. బ్రిటన్‌లో ఐదు వందల మంది మీద చేసిన పరిశోధనలో కొలెస్ట్రాల్ కొద్దిగా తగ్గిన మాట నిజం. కానీ అమెరికాలో ఏళ్ళ తరబడి రోజుకు 200 మైక్రోగ్రాములు వేసుకున్న వాళ్ళ మీద 2007లో వచ్చిన లెక్కల్లో షుగర్ జబ్బు ఎక్కువ మందికి వచ్చింది, తర్వాత 35 వేల మందికి పైగా మగవాళ్ళతో చేసిన పెద్ద ట్రయల్‌లో ప్రయోజనం కనపడక 2008లో మధ్యలోనే మాత్రలు ఆపేయించారు. ఇంకో సంగతి, సెలీనియం ఎక్కువైతే జుట్టు రాలుతుంది, గోళ్ళు పెళుసవుతాయి. మీకు జుట్టు రాలడానికి కారణం థైరాయిడే అని నేను అనుకుంటున్నాను గానీ, ఈ బాటిల్ పక్కన పెట్టేస్తే ఒక అనుమానం తీరుతుంది.

మెగ్నీషియం బీపీని ఓ రెండు పాయింట్లు తగ్గిస్తుందేమో, ఎల్డీఎల్ విషయంలో మాత్రం ఆధారం బలహీనం. మలబద్ధకానికి పనికొస్తుంది, అది కూడా విరేచనం అయ్యే గుణం వల్ల. అసలు కారణం థైరాయిడ్ అయితే దాన్ని సరిచేస్తే సరిపోతుంది కదా.

కాల్షియం దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఒకప్పుడు ఈ ఒక్క ఖనిజం మీద ఆశ పుట్టింది. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో 2002లో నెలసరి ఆగిన 223 మంది ఆడవాళ్ళతో ఒక పరిశోధన చేశారు. రోజుకు ఒక గ్రాము కాల్షియం, సిట్రేట్ రూపంలో. ఏడాది తిరిగేసరికి ఎల్డీఎల్ ఆరు శాతం తగ్గింది, హెచ్‌డీఎల్ ఏడు శాతం పెరిగింది. కాగితం మీద చూస్తే ఇంతకంటే ఏం కావాలి, ఎముకలకి ఎముకలు, గుండెకి గుండె. అయితే అదే ఆక్లండ్ బృందం 1471 మంది ఆడవాళ్ళని ఐదేళ్ళు గమనించి 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసింది ఏంటంటే, కాల్షియం మాత్రలు వేసుకున్నవాళ్ళలో గుండెపోట్లు ఎక్కువ కనిపించాయని. దీని మీద పెద్ద వాదనే నడిచింది, తర్వాత వచ్చిన పరిశోధనలు అన్నీ దీన్ని సమర్థించలేదు, ఇప్పటికీ నిపుణులు ఏకాభిప్రాయానికి రాలేదు. నేను దీన్నుంచి తీసుకునేది ఇంతే, ల్యాబు కాగితం మీద అంకె ఆరు శాతం మెరుగుపడినంత మాత్రాన గుండెకి మేలు జరిగిందని అనుకోవడానికి లేదు. స్టాటిన్ల విషయంలో ఆ రెండో మెట్టు, అంటే నిజంగా గుండెపోట్లు తగ్గాయా అన్నది లక్షల మందిలో తేలింది. ఖనిజ మాత్రల్లో ఒక్కదానికి కూడా అలా తేలలేదు.

మీ కాల్షియం మానమని నేను చెప్పను, అది రాసిన డాక్టర్ని అడగండి, ఎముకల సాంద్రత తగ్గిందని రాశారా లేక మోకాలి నొప్పి అనగానే రాశారా అని. మోకాలి అరుగుదలకి కాల్షియం మందు కాదు. స్ట్రిప్ మీద కాల్షియం కార్బొనేట్ 1250 మిల్లీగ్రాములు అని ఉంటే అందులో అసలు కాల్షియం 500. రోజూ రెండు గ్లాసుల పాలో పెరుగో, ఒక పూట రాగి జావో సంకటో తీసుకుంటే, వారానికి రెండుసార్లు నువ్వుల పొడి, తోటకూర లాంటివి తింటే ఆ 500కి దగ్గరగానో పైనో తిండిలోనే వచ్చేస్తుంది.

ఇక బీరువాలో ఉన్న స్ట్రిప్. మీ మాటల్లో రెండు భయాలున్నాయి, అది కెమికల్ ఇవి నేచురల్ అన్నది ఒకటి. మొట్టమొదటి స్టాటిన్ దొరికింది బూజులో. 1970లలో జపాన్‌లో అకిరా ఎండో అనే శాస్త్రవేత్త వేల రకాల బూజుల్ని వడగట్టి చూసి, చివరికి ఒక పెనిసిలియం బూజులో పట్టుకున్నాడు దాన్ని. మీకు రాసిన రోసువాస్టాటిన్‌ని ఇప్పుడు ఫ్యాక్టరీలోనే తయారుచేస్తారు, ఒప్పుకుంటాను, కానీ క్రోమియం పికోలినేట్ మాత్రం ఏ చెట్టుకి కాస్తోంది? అది కూడా ఫ్యాక్టరీదే.

రెండోది జీవితాంతం అన్న భయం. అమ్మా, పదకొండేళ్ళుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారు, ఇంకా వేసుకుంటారు, దానికి లేని టెన్షన్ దీనికెందుకు? అలవాటు పడిపోయే మందు కాదిది, ఆపితే ఒంటికేమీ కాదు, కొలెస్ట్రాల్ మళ్ళీ పాత చోటికి ఎక్కుతుంది, అంతే. లివర్ విషయానికొస్తే, కొంతమందిలో ఎంజైములు కొద్దిగా పెరుగుతాయి గానీ నిజంగా లివర్ దెబ్బతినడం చాలా చాలా అరుదు. నెలనెలా లివర్ పరీక్షలు అక్కర్లేదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2012లోనే చెప్పేసింది. షుగర్ అంచున ఉన్నవాళ్ళలో షుగర్ కాస్త పెరిగే మాట నిజమే, అందుకని మొదలుపెట్టే ముందు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) ఒకసారి చేయించండి. ఒళ్ళు నొప్పుల గురించి కూడా వినే ఉంటారు. లండన్‌లో 2020లో స్టాటిన్ పడక మానేసిన 60 మందికి కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర, ఏది ఏదో చెప్పకుండా ఇచ్చి చూశారు. స్టాటిన్‌తో వచ్చిన బాధల్లో 90 శాతం ఉత్తుత్తి మాత్రతో కూడా వచ్చాయి! అలాగని నిజంగా నొప్పులొచ్చేవాళ్ళు లేరని కాదు, థైరాయిడ్ తక్కువగా ఉండి అది తెలియకుండా స్టాటిన్ మొదలుపెట్టిన వాళ్ళకి కండరాల నొప్పులు ఎక్కువ వస్తాయి. మీ టీఎస్‌హెచ్ ముందు చూద్దామని నేను పట్టుబట్టడానికి ఇది రెండో కారణం.

కాబట్టి ఆ స్ట్రిప్ పారేయకండి. టీఎస్‌హెచ్ సరిగ్గా ఉందని వచ్చిందా, ఇంకా ఆలోచించకుండా మీ డాక్టరు గారు రాసినట్టు మొదలుపెట్టండి. తేడాగా ఉంటే, మీకు షుగర్, ఇంతకుముందు గుండె జబ్బు లేవు కాబట్టి ఆ రెండు నెలలు ఆగొచ్చా అని ఆయన్నే అడగండి, చాలామంది ఆగుదామనే అంటారు. థైరాయిడ్ కుదుటపడ్డాక ఎల్డీఎల్ ఎంత దిగుతుందన్నది అది ఎంత తేడాగా ఉండిందన్న దాన్ని బట్టి ఉంటుంది. టీఎస్‌హెచ్ ఐదో ఆరో అయితే పెద్దగా దిగకపోవచ్చు. అప్పుడు అమ్మగారి గుండెపోటు, మీ హెచ్‌డీఎల్ కలిపి చూస్తే స్టాటిన్ అవసరమే అంటాను నేను. ఎల్డీఎల్ సుమారు 39 మిల్లీగ్రాములు తగ్గించిన ప్రతిసారీ గుండెపోటు, పక్షవాతం లాంటివి ఐదో వంతు దాకా తగ్గుతాయి. 10 మిల్లీగ్రాముల రోసువాస్టాటిన్ ఎల్డీఎల్‌ని దగ్గర దగ్గర సగం దించుతుంది.

రోసువాస్టాటిన్ వేసుకునేవాళ్ళకి కూడా ఒక టైమింగ్ గొడవ ఉంది. డైజీన్, జెలూసిల్ లాంటి మెగ్నీషియం, అల్యూమినియం ఉన్న గ్యాస్ మందు దాంతో పాటే వేసుకుంటే స్టాటిన్ సగమే రక్తంలోకి చేరుతుంది. గ్యాస్ మందు తప్పదనుకుంటే స్టాటిన్ వేసుకున్న రెండు గంటల తర్వాతే.

తిండి విషయం క్లుప్తంగా. బజ్జీలు, బయటి పామాయిలు వేపుళ్ళు, బేకరీ పఫ్‌లు, అన్నంలో నెయ్యి ధారలు తగ్గించండి, ట్రైగ్లిజరైడ్స్ 190 ఉన్నాయి కాబట్టి రాత్రి అన్నం కూడా. ఇసబ్గోల్ రోజుకు రెండు చెంచాలు నీళ్ళలో కలుపుకుని తాగితే ఎల్డీఎల్ ఐదు నుంచి పది శాతం దాకా తగ్గే అవకాశం ఉంది, మీ మలబద్ధకానికీ మంచిదే. దీన్ని కూడా థైరాయిడ్ మాత్రకి నాలుగు గంటల దూరంలో పెట్టండి, సాయంత్రం అయితే బాగుంటుంది.

మీ అమ్మాయి రేపు క్రోమియం కాకపోతే వెల్లుల్లి గోళీలు, దాల్చినచెక్క గోళీలు పంపిస్తానంటుంది, ముందే చెప్తున్నాను. అమెరికాలోనే 2022లో 190 మందిని తీసుకుని కొందరికి 5 మిల్లీగ్రాముల రోసువాస్టాటిన్, మిగతావాళ్ళకి చేపనూనె, వెల్లుల్లి, దాల్చినచెక్క, పసుపు, మొక్కల స్టెరాల్స్, రెడ్ ఈస్ట్ రైస్ ఒక్కో గుంపుకి ఒక్కోటి, ఇంకో గుంపుకి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. నాలుగు వారాల్లో స్టాటిన్ గుంపులో ఎల్డీఎల్ 38 శాతం తగ్గింది, ఆ ఆరింట్లో ఏదీ ఉత్తుత్తి మాత్ర కంటే చెప్పుకోదగ్గట్టు మెరుగ్గా చేయలేదు. అమ్మాయి మనసు కష్టపెట్టుకోకుండా ఈ మాట చెప్పండి. ఇప్పుడున్న బాటిళ్ళన్నీ వెనకవైపు లేబుల్ కనపడేలా ఫొటోలు తీసి, కాల్షియం స్ట్రిప్‌ది కూడా, ఫోన్‌లో పెట్టుకోండి. టీఎస్‌హెచ్ రిపోర్టుతో డాక్టరు గారి దగ్గరకి వెళ్ళినప్పుడు చూపించండి, ఏది ఎన్ని గంటలకు వేసుకునేవారో కూడా చెప్పండి.